కీచురాయి పొడి: ఏ పరీక్షలు చేస్తే ధైర్యంగా తినమనగలం?

#1 తొలి_అడుగు

అందరికీ నమస్కారం. ఫుడ్ టెక్నాలజీలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుగా ఇంటి కీచురాయి (అకెటా డొమెస్టికస్) పొడి తీసుకున్నాను. పెంచేవాళ్ళ దగ్గర కొని, ఉడికించి, ఆరబెట్టి, పొడి చేసి బిస్కట్లలో కలపాలని ఆలోచన. చివర్లో రుచి చూసే ప్యానెల్ ఉంటుంది. అంటే పాతిక మంది నిజంగానే ఆ బిస్కట్లు తింటారు.

ఎథిక్స్ కమిటీ ఒక్కటే అడిగింది: "ఇది తింటే ఏమీ కాదని దేన్ని చూసి చెబుతున్నావు?" నా జాబితా చూపించాను. తేమ, ప్రొటీన్, కొవ్వు, మొత్తం బ్యాక్టీరియా లెక్క, ఈ.కోలై, సాల్మొనెల్లా. మా గైడ్ అది చూసి, "ఇది పాలపొడికి రాసిన జాబితాలా ఉంది, పురుగుకి రాసినట్టు లేదు" అన్నారు. అప్పటినుంచి ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. నిజంగా టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే తినబోయేవాళ్ళలో సగం మంది నా స్నేహితులే.

పురుగుకంటూ ప్రత్యేకంగా ఏం చూడాలి? ఈ పని తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

#2 వేల_ఏళ్ళ_తిండి

ముందు కంగారు పడకండి. ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మంది ఆహారంలో పురుగులు ఉన్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013 నివేదికలో రాసింది. 1,900కు పైగా జాతులు తింటున్నారని కూడా అందులోనే ఉంది. ఇన్ని తరాల మనుషులు తిని బతికారంటే, అంతకన్నా పెద్ద ప్రయోగం ఏ ల్యాబ్ చేయగలదు? చెయ్యద్దని నేను అనడం లేదు. కానీ అదేదో విషం అన్నట్టు మొదలుపెట్టడం సరికాదని నా అభిప్రాయం. తరాలుగా వస్తున్న తిండిని అనుమానించడానికీ ఒక కారణం ఉండాలి కదా.

#3 డోసు_ముఖ్యం

వేల_ఏళ్ళ_తిండి గారూ, మీరు చెప్పిన లెక్క సరైనదే. దాన్నుంచి మీరు తేల్చిన దాంతోనే నాకు పేచీ. నేను టాక్సికాలజీలో పనిచేస్తాను, అందుకే ఈ విషయం కాస్త వివరంగా చెబుతాను.

"పురుగులు" అని ఒక తిండి లేదు. ఎవరు ఏ జాతిని, ఏ దశలో, ఎలా వండి, ఎంత తిన్నారు అన్నవి విడివిడిగా చూడాలి. నైజీరియా నైరుతి ప్రాంతంలో అనాఫే అనే పట్టుపురుగు ప్యూపాలను (గూటిలో ఉన్న దశ పురుగులను) చాలాకాలంగా ఇష్టంగా తింటారు. అక్కడే వానాకాలం రాగానే కొందరికి నడక తడబడేది, ఒళ్ళు వణికేది, కళ్ళు అదుపు తప్పేవి. ప్రతి ఏడూ అదే కాలంలో వచ్చే ఈ జబ్బుకు కారణం ఏళ్ళ తరబడి అంతుపట్టలేదు. చివరికి 1990లలో మొదలైన పరిశోధనలతో తేలింది: ఆ ప్యూపాలలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది బీ1 విటమిన్‌ను ముక్కలు చేస్తుంది. పైగా వేడికి అంత తేలిగ్గా లొంగదు. తిండిలో అసలే బీ1 తక్కువగా ఉన్నవాళ్ళు ఆ కాలంలో అవి తినగానే పడిపోయేవారు.

ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటి ఉంది. ఆ ప్యూపాలను తిన్నవాళ్ళలో చాలామందికి ఏమీ కాలేదు. కాబట్టి "మా తాతలు తిన్నారు, వాళ్ళకేం కాలేదు" అనేది అబద్ధం కాదు. అయినా కొందరికి ముప్పు ఉండనే ఉంది. తరాల అనుభవం వెంటనే కనిపించే విషాన్ని పట్టుకుంటుంది. నెమ్మదిగా వచ్చేదాన్ని, కొందరికే వచ్చేదాన్ని, ఇంకో కారణంతో కలిసి వచ్చేదాన్ని పట్టుకోలేదు.

అయితే ఆ అనుభవాన్ని ఎవరూ పారేయడం లేదు. యూరోపియన్ యూనియన్ చట్టంలో దానికి ఒక దారే ఉంది. 1997 మే 15కు ముందు అక్కడ చెప్పుకోదగ్గంతగా తినని ఆహారం ఏదైనా "కొత్త ఆహారం" కిందకు వస్తుంది. కానీ వేరే దేశంలో కనీసం 25 ఏళ్ళుగా చాలామంది సురక్షితంగా తిన్న చరిత్ర చూపిస్తే, సాంప్రదాయ ఆహారంగా కొంచెం సులువైన దారిలో దరఖాస్తు చేసుకోవచ్చు. చరిత్ర కూడా సాక్ష్యమే. కాకపోతే అదొక్కటే చాలదు.

#4 వేల_ఏళ్ళ_తిండి

అనాఫే సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను, మంచి ఉదాహరణ.

ఒక్క మాట మాత్రం కలుపుతాను. సంప్రదాయం అంటే తినడం ఒక్కటే కాదు, తినే పద్ధతి కూడా. మిడతల కాళ్ళు, రెక్కలు తీసేసి తినేవాళ్ళు చాలాచోట్ల ఉన్నారు. చూసేవాళ్ళకు అది అలవాటులా కనిపిస్తుంది. కానీ కాళ్ళు తీయకుండా మిడతలు ఎక్కువగా తిన్నవాళ్ళకు పేగులు అడ్డుపడిన కేసులు వైద్యులు రాసిపెట్టారు. ఆ కాళ్ళ మీద ముళ్ళుంటాయి మరి. కాబట్టి తొలి_అడుగు గారూ, పాతవాళ్ళ దగ్గర పురుగు పేరు ఒక్కటే కాదు, వాళ్ళు దాన్ని ఏం చేసి తింటారో కూడా అడగండి. అందులో సగం భద్రతే ఉంటుంది.

#5 సూక్ష్మజీవి_వేట

అసలు పని నా భాగంలో ఉంది కాబట్టి వచ్చాను. ఫుడ్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పదకొండేళ్ళు.

కోడికి, చేపకు లేని ఇబ్బంది పురుగుకి ఒకటుంది. కోడి పేగులు తీసేసి కూర వండుతాం. చేప కడుపు చీల్చి కడుగుతాం. కీచురాయిని పేగుతో సహా పొడి చేస్తాం. దాని కడుపులో ఉన్న ప్రతి బ్యాక్టీరియా మీ పిండిలోకి వస్తుంది. పచ్చి పురుగుల్లో గ్రాముకు కోటి బ్యాక్టీరియా ఉండటం మామూలే, అంతకు పదింతలూ వందింతలూ కూడా చూస్తాం. ఈ అంకె చూసి భయపడక్కర్లేదు. వాటిలో ఎక్కువ భాగం మనకు హాని చేసేవి కావు. కానీ మొదలే అంత ఎత్తులో ఉంది కాబట్టి, వేడి చేసే దశలో ఏ చిన్న తప్పు జరిగినా సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

మీ జాబితాలో సాల్మొనెల్లా, ఈ.కోలై ఉన్నాయి. మంచిదే. కానీ నిజం చెప్పాలంటే సరిగ్గా ఉడికిస్తే అవి చస్తాయి. మీ జాబితాలో లేనిది చావదు. అది బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా. దాని స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రపోయే విత్తనాల్లాంటివి) మరిగే నీళ్ళలో కూడా బతుకుతాయి. ఉడికించినప్పుడు తోటి బ్యాక్టీరియా అంతా చచ్చి, దానికి పోటీ లేకుండా పోతుంది. ఆ తర్వాత మీరు ఆ తడి పురుగులను గోరువెచ్చగా వదిలేశారంటే స్పోర్లు మొలిచి పెరుగుతాయి. వాటిలో కొన్ని రకాలు వాంతులు తెప్పించే విషం వదులుతాయి. ఆ విషం తయారయ్యాక మళ్ళీ ఎంత కాల్చినా పోదు, బిస్కట్ ఓవెన్‌కీ లొంగదు.

ఇంకో పొరపాటు కూడా తరచుగా చూస్తుంటాను. "నేను కరకరలాడేలా వేయించాను, ఇంక ఉడికించడం ఎందుకు?" అంటారు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో పిండిపురుగులను (మీల్‌వార్మ్), కీచురాళ్ళను రకరకాలుగా వండి చూశారు. కొద్ది నిమిషాలు నీళ్ళలో ఉడికిస్తే పేగు బ్యాక్టీరియా కుటుంబం పోయింది. వేయించడం ఒక్కటే చేస్తే పూర్తిగా పోలేదు. పొడి వేడి లోపలికి సమంగా వెళ్ళదు. అందుకే ముందు ఉడకబెట్టి తర్వాత వేయించమని వాళ్ళు సలహా ఇచ్చారు. ఫ్రీజ్ డ్రైయింగ్ (గడ్డకట్టించి ఆరబెట్టడం) సంగతి ఇంకా తేడా. అది బ్యాక్టీరియాను చంపదు, చక్కగా భద్రపరుస్తుంది. ల్యాబుల్లో మేం కల్చర్లు దాచుకునే పద్ధతే అది.

అంకెలు కావాలంటే, యూరప్‌లో ఎండిన పసుపు పిండిపురుగుకు అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన హద్దులు చూడండి. మొత్తం బ్యాక్టీరియా గ్రాముకు లక్ష దాటకూడదు, బాసిల్లస్ సీరియస్ గ్రాముకు వంద దాటకూడదు. సాల్మొనెల్లా, లిస్టీరియా మోనోసైటోజీన్స్ 25 గ్రాములలో కనిపించకూడదు. మీది వేరే జాతే అయినా పని మొదలుపెట్టడానికి ఇది సరిపోతుంది.

తేమ శాతం ఒక్కటే రాయకండి, వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవులకు అందే నీరు ఎంతో చెప్పే కొలత) కొలవండి. అది 0.6 కన్నా తక్కువ ఉంటే పొడిలో ఏదీ పెరగదు.

#6 తొలి_అడుగు

సూక్ష్మజీవి_వేట గారూ, చాలా చాలా థాంక్స్. మేం ఉడికించి ట్రేలలో పరిచి, మర్నాడు ఉదయం డ్రైయర్‌లో పెడదామనుకున్నాం. రాత్రి ల్యాబ్ మూసేస్తారని. అది తప్పా?

#7 సూక్ష్మజీవి_వేట

తప్పే. నేను చెప్పిన ప్రమాదమంతా ఆ ఒక్క రాత్రిలోనే జరుగుతుంది. ఉడికిన వెంటనే ఐసు నీళ్ళలో చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టండి, లేదంటే అదే రోజు డ్రైయర్‌లోకి పంపండి. మధ్యలో వేచి ఉండటం అనేదే ఉండకూడదు.

#8 పెంపకం_మనిషి

నేను ఆరేళ్ళుగా కీచురాళ్ళు, పిండిపురుగులు పెంచుతున్నాను. పక్షులు, బల్లులు పెంచుకునేవాళ్ళకు అమ్ముతాను. పెద్ద చదువు లేదు కానీ ఈ జీవాలు ఏం తింటే ఎలా ఉంటాయో కళ్ళారా చూశాను.

తమ్ముడూ, నువ్వు కొనేచోట మొదట అడగాల్సింది మేత గురించి. మేం వేసే మేత ఎలాంటిదో పురుగూ అలాగే ఉంటుంది. పక్షుల కోసం పెంచే పురుగుల విషయంలో చాలామంది మేత గురించి పెద్దగా పట్టించుకోరు. కోళ్ళ దాణా, పాడైన కూరగాయలు, ఏది చవగ్గా దొరికితే అది. మనుషుల కోసం అయితే అది కుదరదు. యూరప్‌లో పురుగు కూడా చట్టం ప్రకారం పెంపుడు జంతువే. దానికి పేడ, హోటళ్ళలో మిగిలిన తిండి, కబేళా వ్యర్థాలు పెట్టకూడదు. "పురుగు చెత్త తిని ప్రొటీన్ చేస్తుంది" అని వీడియోల్లో గొప్పగా చెప్తారు, మనుషులు తినే పురుగు విషయంలో ఆ మాట చెల్లదు.

రెండోది ఉపవాసం. చంపే ముందు కనీసం 24 గంటలు మేత ఆపాలి. కడుపు ఖాళీ అవుతుంది. అమ్మేవాళ్ళను నమ్మకు, ముందు రోజు నువ్వే వెళ్ళి మేత తీసేశారో లేదో చూడు. బరువు తగ్గుతుందని చాలామంది ఆపరు.

ఇంకోటి. కీచురాళ్ళకు డెన్సోవైరస్ అని ఒకటొస్తుంది. 2009, 2010 ప్రాంతంలో అమెరికా వైపు పెద్ద పెద్ద పెంపకాలు తుడిచిపెట్టుకుపోయాయి. నాకు కూడా ఒకసారి మూడు వారాల్లో మొత్తం పోయింది. పెట్టెలు తెరిస్తే వెల్లకిలా పడి ఉన్నాయి, ఇప్పటికీ ఆ వాసన గుర్తొస్తే బాధేస్తుంది. దాంతో మనుషులకు ఏమీ కాదంటారు. అయినా చచ్చిన పురుగులు ఏరి పొడిలో కలిపే బ్యాచ్ మాత్రం నీ దగ్గరికి రాకూడదు. బతికున్నవే కొను.

#9 డోసు_ముఖ్యం

పెంపకం_మనిషి గారు చెప్పిన మేత మాటకు నా వైపు నుంచి లోహాల సంగతి జోడిస్తాను. పురుగులన్నీ ఒకేలా ఉండవు. మేతలో లోహాలు కలిపి చూసినప్పుడు, బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు కాడ్మియంను ఒంట్లో పోగుచేసుకున్నాయి, ఆర్సెనిక్‌ను పోగుచేసుకోలేదు. పసుపు పిండిపురుగు ఆర్సెనిక్‌ను పట్టుకుంది. అదే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం దగ్గరికి వస్తే ఈ రెండూ దాన్ని ఒంట్లో నిలవ చేసుకోలేదు. చూడండి, ఒకే మేతలో ఒక విషం పేరుకుంటుంది, ఇంకోటి పేరుకోదు. జాతి మారితే ఆ జాబితా కూడా మారుతుంది. అందుకే పిండిపురుగు రిపోర్టు తెచ్చి కీచురాయికి అంటించడం కుదరదు.

మీరు మేత నమూనా, పొడి నమూనా రెండూ పంపండి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం నాలుగూ కొలిపించండి. పొడిలో ఎక్కువ వచ్చి మేతలో తక్కువ ఉంటే, పురుగు పోగుచేసుకుందని తెలుస్తుంది. పొడి ఒక్కటే పంపితే ఎక్కడ తప్పు జరిగిందో చెప్పలేం.

పొలాల్లో పట్టిన పురుగుల జోలికి మాత్రం వెళ్ళకండి. 1988, 89లో కువైట్‌కు మిడతల దండు వచ్చింది. అప్పుడు తిండికోసం పట్టిన మిడతల్లో పురుగుమందుల అవశేషాలు ఎక్కువ మోతాదులో దొరికాయి. వాటిని చంపడానికి చల్లిన మందే అది.

#10 రొయ్య_పడదు

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. ఎవరో ఒకరు చెబుతారని చూశాను. ఇంకా రాలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

నాకు రొయ్యలు పడవు. పడవు అంటే దురద కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక విందులో తెలియక రెండు ముక్కలు తిన్నాను. పది నిమిషాల్లో గొంతు మూసుకుపోయింది. ఇంజెక్షన్ ఇవ్వడం ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

నాలుగేళ్ళ క్రితం ఒక ఎనర్జీ బార్ తిన్నాను. ముందు భాగంలో పెద్ద అక్షరాలతో "సహజ ప్రొటీన్" అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో కీచురాయి పొడి అని ఉంది. కీచురాయికి రొయ్యకూ ఏం సంబంధమని నాకెలా తెలుస్తుంది? ఒకటి గడ్డిలో ఉంటుంది, ఇంకోటి నీళ్ళలో ఉంటుంది. మళ్ళీ అదే గొంతు, అదే పరుగు.

తొలి_అడుగు గారూ, మీ బిస్కట్లలో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయన్నది ముఖ్యమే. కానీ నాలాంటి వాళ్ళకు అది ఎంత శుభ్రంగా ఉన్నా విషమే. ఆ పాతిక మందిలో నాలాంటి మనిషి ఒక్కరున్నా చాలు.

#11 డోసు_ముఖ్యం

రొయ్య_పడదు గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఇది అందరికన్నా ముందు రావాల్సిన పోస్టు.

సంబంధం ఏమిటంటే రొయ్య, పీత, కీచురాయి, ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్స్ అన్నీ ఒకే పెద్ద కుటుంబం. కీళ్ళ కాళ్ళ జీవులు. వాటి కండరాల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, ఆర్జినైన్ కైనేజ్ అనేది ఇంకొకటి. ఒక జీవిలోని ట్రోపోమయోసిన్‌కు మీ ఒంట్లో తయారైన ఐజీఈ ప్రతిరక్షకం, ఇంకో జీవిలోని దాన్ని కూడా పాత శత్రువేనని గుర్తుపడుతుంది. పైగా ట్రోపోమయోసిన్ వేడికి బాగా తట్టుకుంటుంది. ఉడికించినా, కాల్చినా పోతుందని లెక్క వేసుకోకూడదు.

ఇది ఊహ కాదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో రొయ్యలు పడనివాళ్ళకు డాక్టర్ల సమక్షంలో, ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా, పిండిపురుగు తినిపించి చూశారు. 15 మందిలో 13 మందికి రియాక్షన్ వచ్చింది.

అందుకే యూరప్‌లో ఇంటి కీచురాయి ఉన్న ప్రతి ప్యాకెట్ మీద, రొయ్యలు పీతల వంటివి, నత్తలు ఆల్చిప్పల వంటివి, డస్ట్ మైట్స్ పడనివాళ్ళకు అలర్జీ రావచ్చని, పదార్థాల జాబితా పక్కనే రాయాలి. అంటే వాళ్ళు కూడా అలర్జీ లేదని నిరూపించమనలేదు, ఉందని ఒప్పుకుని చెప్పమన్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. పురుగును గోధుమ తవుడు మీద పెంచితే, కడుపులో మిగిలిన తవుడుతో పాటు గ్లూటెన్ కూడా పొడిలోకి రావచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఎఫ్సా తన అభిప్రాయాల్లో ఈ విషయం ప్రస్తావించింది. పెంపకం_మనిషి గారు చెప్పిన ఉపవాసం ఇక్కడ కూడా పనికొస్తుంది. మీ బిస్కట్లో ఎలాగూ గోధుమ ఉంటుందేమో, కానీ పొడి విడిగా ఇస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

#12 పెంపకం_మనిషి

డోసు_ముఖ్యం గారూ, నా దగ్గర రెండేళ్ళు పనిచేసిన కుర్రాడికి పెట్టెలు దులిపినప్పుడల్లా తుమ్ములు, కళ్ళు ఎర్రబడటం. జలుబనుకున్నాం. అతనికి రొయ్యలు తింటే ఏమీ కాదు. అయినా ఇదేనా?

#13 డోసు_ముఖ్యం

అయ్యుండొచ్చు. రొయ్య అలర్జీ లేకుండానే, పురుగుల దుమ్ము పీల్చడం వల్ల కొత్తగా పురుగుకే అలర్జీ వచ్చిన పెంపకందారులు ఉన్నారు. అతను డాక్టర్‌కు చూపించుకునేటప్పుడు తను చేసే పని ఏమిటో తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళకు తట్టదు. మీరు కూడా మాస్క్ లేకుండా పెట్టెలు దులపకండి. తొలి_అడుగు గారూ, పొడి ఆడించేటప్పుడు మీకూ ఇదే మాట.

#14 గింజ_గింజా

నేను డైటీషియన్‌ని. భద్రత అంటే విషం ఒక్కటే కాదు, ఉన్నదానికన్నా ఎక్కువ ఉందని చెప్పకపోవడం కూడా భద్రతే. అందుకే ప్రొటీన్ గురించి.

మామూలుగా నైట్రోజన్ కొలిచి 6.25తో గుణించి ప్రొటీన్ అంటాం. పురుగు పెంకులో కైటిన్ ఉంటుంది. అందులోనూ నైట్రోజన్ ఉంది, కానీ అది ప్రొటీన్ కాదు. ఆ నైట్రోజన్ కూడా మీ లెక్కలో ప్రొటీన్‌గా చేరిపోతుంది. పిండిపురుగు లార్వాల మీద 2017లో వచ్చిన పరిశోధనలో 6.25 బదులు 4.76 వాడాలన్నారు. నైట్రోజన్ 10 శాతం ఉందనుకుంటే, ఒక లెక్కలో ప్రొటీన్ 62.5 శాతం, ఇంకో లెక్కలో 47.6 శాతం. ఎంత తేడానో చూడండి. కిడ్నీ జబ్బు ఉండి గ్రాములు లెక్కపెట్టుకుని తినేవాళ్ళకు, పిల్లల ఎదుగుదల కోసం ప్రొటీన్ లెక్కేసే తల్లులకు ఈ తేడా చిన్నది కాదు.

మీది కీచురాయి, లార్వా కాదు. కాబట్టి 4.76ను కళ్ళు మూసుకుని వాడకండి. అమైనో ఆమ్లాల విశ్లేషణ చేయించి వాటి మొత్తం ఇవ్వండి. ఖర్చు ఎక్కువే, అయినా ఒక్క నమూనాకైనా చేయించండి. కైటిన్ కూడా విడిగా రాయండి. అది మన కడుపులో పీచులా ఉంటుంది, ఎక్కువ భాగం అరగదు.

#15 సందేహాల_మూట

నాకు ఒకటి అర్థం కావడం లేదు. ఇవన్నీ పొడిలో ఏముందో చెప్పే పరీక్షలు. మనకు తెలిసిన చెడు లేదని చెబుతాయి. తెలియని చెడు సంగతి ఏమిటి? మందులకు చేసినట్టు ఎలుకలకు పెట్టి చూడాలి కదా? అది చేయకుండా మనుషులకు పెట్టడం నాకు నచ్చట్లేదు.

#16 డోసు_ముఖ్యం

మంచి ప్రశ్న. దీనికి సమాధానం అంత సుఖంగా ఉండదు.

ఎలుకలకు 90 రోజులు పెట్టి చూసే పరీక్ష ఉంది. పసుపు పిండిపురుగు పొడితో అది జరిగింది. 2016లో కొరియా పరిశోధకులు శరీర బరువు కిలోకు రోజుకు 300, 1,000, 3,000 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు, చెడు ప్రభావం కనిపించలేదు.

ఇబ్బంది లెక్కలో వస్తుంది. ఒక రసాయనానికైతే ఎలుకలకు హాని చేయని మోతాదును వందతో భాగించి, మనిషికి అది సురక్షితం అంటాం. పై లెక్కలో 3,000ను వందతో భాగిస్తే కిలో బరువుకు 30 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 1.8 గ్రాములు. ఒక చెంచా కూడా కాదు! అలాగని ఎలుకకు ఇంకా వందింతలు పెట్టలేం. దాని తిండంతా పురుగే అయిపోతుంది. అప్పుడు వచ్చే జబ్బు పురుగు వల్లా, తిండిలో సమతూకం పోవడం వల్లా అన్నది తేలదు. బియ్యంతో, బంగాళాదుంపతో చేసినా ఇదే చిక్కు. మొత్తం ఆహారాన్ని మందులా పరీక్షించడం కుదరదు.

అందుకే ఎఫ్సా ఒక్క పరీక్ష మీద ఆధారపడదు. జాతి ఏది, ఎలా పెంచారు, ఎలా చంపారు, ఐదు వేరు వేరు బ్యాచ్‌లలో అంకెలు ఎలా ఉన్నాయి, నిలవ ఉంచితే ఏమవుతుంది, ఎవరు ఎంత తింటారు, ఎవరు ముందే తిన్నారు అన్నవన్నీ కలిపి చూస్తుంది. పిండిపురుగు దరఖాస్తు 2018లో వెళ్ళింది, అభిప్రాయం 2021 జనవరిలో వచ్చింది, అనుమతి ఆ ఏడాది జూన్‌లో. అప్పుడు కూడా బిస్కట్లలో 100 గ్రాములకు 10 గ్రాములు మించకూడదని హద్దు పెట్టారు. మీ ఇంటి కీచురాయికి 2022 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. ఆ పత్రాలు ఎవరైనా చదవచ్చు. కమిటీకి అవే మీ మొదటి ఆధారం. కానీ వాళ్ళు పరీక్షించింది ఒక కంపెనీ పద్ధతిలో చేసిన పొడిని. మీ పొడిని కాదు. మీ పద్ధతి అక్కడి పద్ధతితో ఎంత కలుస్తుందో, ఎక్కడ వేరవుతుందో చూపించడమే మీ పని.

#17 సందేహాల_మూట

మొదటిసారి ఎవరో లెక్కతో చెప్పారు. ఒప్పుకుంటున్నాను. నేను మాత్రం ఇప్పుడే తినను, అది వేరే విషయం.

#18 సూక్ష్మజీవి_వేట

పరాన్నజీవుల మాట ఎవరూ ఎత్తలేదు. 2019లో మధ్య యూరప్‌లో 300 పురుగుల పెంపకాలు చూశారు. 244 చోట్ల ఏదో ఒక పరాన్నజీవి దొరికింది. చాలావరకు పురుగుకే హాని చేసేవి, అయితే 91 చోట్ల మనిషికీ హాని చేయగలవి కనిపించాయి. అవి ఎక్కువగా ఇళ్ళలో, పెంపుడు జంతువుల దుకాణాల్లో పెంచినవి, మనుషుల తిండికోసం పెంచినవి కావు. ఎలుకల బద్దెపురుగుకు పిండిపురుగు మధ్యలో ఆశ్రయం ఇస్తుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. పెంపకం గదిలోకి ఎలుకలు రాకుండా ఉన్నాయా అన్నది చూడండి. సరిగ్గా ఉడికిస్తే ఇవి చస్తాయి, అది ఊరట.

హిస్టమిన్ కూడా కొలిపించండి. థాయ్‌లాండ్‌లో వేయించిన మిడతలు, పట్టుపురుగు ప్యూపాలు తిని కొంతమందికి ఒకేసారి ఒళ్ళంతా ఎర్రబడి, తలనొప్పి వచ్చిన సంఘటన వైద్య పత్రికల్లో ఉంది. చచ్చిన పురుగులను చల్లగా ఉంచకపోతే బ్యాక్టీరియా హిస్టమిన్ తయారుచేస్తుంది. అది కూడా వేడికి పోదు. చూడటానికి అచ్చం అలర్జీలా ఉంటుంది.

#19 తొలి_అడుగు

ఐదు వారాల తర్వాత వస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, చెప్పడానికి ఏదైనా ఉన్నాకే రావాలనుకున్నాను.

పెంచే చోటు మార్చాను. మొదటిచోట మేత ఏమిటని అడిగితే చెప్పలేదు. రెండోచోట మేత సంచులు చూపించారు, ముందు రోజు నేను వెళ్ళి మేత తీసేయడం చూశాను. మూడు బ్యాచ్‌లు చేశాం. లోహాలు మేతలోనూ పొడిలోనూ తక్కువే. సాల్మొనెల్లా, లిస్టీరియా లేవు. వాటర్ యాక్టివిటీ 0.4 లోపు.

రెండో బ్యాచ్‌లో బాసిల్లస్ సీరియస్ వంద దాటింది. ఆ రోజు కరెంటు పోయి డ్రైయర్ మూడు గంటలు ఆగింది, ట్రేలు తీయకుండా లోపలే ఉంచేశాం. నేను పక్కనే ఉన్నాను, తడిగానే ఉన్నాయని తెలుసు, అయినా "కాసేపట్లో వస్తుందిలే" అనుకున్నాను. ఆ బ్యాచ్ మొత్తం పారేశాం. కమిటీకి ఇచ్చిన రిపోర్టులో దాన్ని కూడా పెట్టాను. గైడ్ పెట్టమన్నారు, నాకూ అదే సరైందనిపించింది.

అమైనో ఆమ్లాల ఫలితం ఇంకా రాలేదు. ప్యానెల్‌కు ముందు ఇచ్చే ఫారం తయారుచేశాను. రొయ్య_పడదు గారూ, మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను. వీలైతే ఒకసారి చూడగలరా?

#20 రొయ్య_పడదు

చూశాను. అడిగినందుకు సంతోషం.

మూడో ప్రశ్న మార్చండి. "మీకు ఏదైనా ఆహార అలర్జీ ఉందా?" అని ఉంది. డస్ట్ మైట్స్ పడనివాళ్ళు దాన్ని ఆహార అలర్జీ అనుకోరు. ఇల్లు ఊడిస్తే తుమ్ములు వస్తాయి, అంతే అనుకుంటారు. వాళ్ళు "లేదు" అని టిక్ పెట్టి బిస్కట్ అందుకుంటారు. రొయ్య, పీత, నత్త, దుమ్ము ఒక్కొక్కటి విడిగా రాసి అడగండి. ఉబ్బసం ఉందా అని కూడా అడగండి. ఏ ఒక్కదానికి "అవును" అన్నా ఆ మనిషికి బిస్కట్ ఇవ్వకండి, వాళ్ళు "పర్లేదు, కొంచెమే తింటాను" అన్నా సరే. నేను కూడా ఆ రోజు రెండు ముక్కలే తిన్నాను.

ఆ గదిలో ఇంజెక్షన్ ఇవ్వగలిగిన మనిషి ఎవరుంటారో ఫారంలో లేదు.

#21 తొలి_అడుగు

మూడో ప్రశ్నను ఐదు ప్రశ్నలుగా విడగొట్టాను. క్యాంపస్ హెల్త్ సెంటర్ డాక్టర్‌ని ప్యానెల్ జరిగే రెండు గంటలూ గదిలోనే ఉండమని అడిగాను, ఒప్పుకున్నారు. ఇంజెక్షన్ ఆవిడే తెస్తారు. తేదీ ఇంకా పెట్టలేదు, మూడో బ్యాచ్‌కు హిస్టమిన్ రిపోర్టు వచ్చాకే పెడతాను.